సూక్ష్మజీవినాశక ఔషధములు – ఇంటి పరిచర్య



నేను వైద్యుడను కాను. చిరకాలము తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్న బడిపంతులను. వైద్యవిషయమై మాటలాడుటకు ఈతని కేమి యధికారమని మీ రడుగవచ్చును. అధికారము లేదు, అనుభవము మాత్రము కలదు. ఆ యనుభవము గూడ నా తప్పువలన గలిగినదే. దానిని ముందుగా మనవి చేసికొని, పిదప విషయమునకు వత్తును.

చరకసంహితలో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. మంచమునకు నాలుగు కోళ్ళెట్టివో చికిత్సకు ఈ నాలుగును అట్టివి. ఒక్కటి కుంటువడిన మంచము నిలువదు. పరిచారకుని కుండవలసిన గుణములును నాలుగే: ఉపచారము తెలిసియుండుట, దక్షత, రోగియం దనురాగము, శుచిత్వము. ఈ మాటలను నేను చిన్ననాడే నేర్చితిని. వాటి యర్థము మాత్రము ఏబదియైదేండ్లు దాటిన పిదప గాని తెలిసిరాలేదు.

2012లో నా భార్యకు పంటివాపు వచ్చినది. పట్టణమున దంతవైద్యు డొక మందు వ్రాసి యిచ్చెను. రెండవనాటికి ఒడలెల్ల దద్దురులు లేచి దురద పుట్టినది. వైద్యుడు మందు మాన్పించి, ఇది యీమెకు పడదనియు, పేరు వ్రాసి యుంచుకొనవలసినదనియు నాతో చెప్పెను. నేను తల యూపితిని. ఇంటిలో పాలలెక్క వ్రాయుదును. కౌలుధాన్యపు లెక్క వ్రాయుదును. ఊరివారి పెండ్లిపత్రికలు వ్రాసి పెట్టుదును. ఆ యొక్క పేరు మాత్రము వ్రాయనైతిని. ఎరుపు, పసుపు రంగుల గొట్టపుమాత్ర యని మనస్సులో నుంచుకొని, అంతే చాలు ననుకొంటిని.

నాలుగేండ్లు గడచినవి. 2016లో మా కుమార్తె యింటికి పోయియుండగా ఆమె పాదమున ముల్లు విరిగి చీము పట్టినది. దగ్గరనున్న ఆస్పత్రికి తీసికొనిపోతిమి. అచ్చటి నర్సు, "అమ్మా, మీకు పడని మందు ఏదైనా ఉందా?" అని నా భార్య నడిగినది. ఆమె ఏదియో చెప్పబోవుచుండగనే నేను ముందుపడి, "ఏమియు లేదమ్మా" అంటిని. అచ్చటనే మొదటి మాత్ర యిచ్చిరి. అది తెల్లని బిళ్ళ; దాని మీది పేరును వేరు. నా కనుమానమే కలుగలేదు.

అరగంట గడవకమునుపే ఆమె పెదవులు వాచినవి. ఒడలు దద్దురులెత్తినది. ఊపిరి యాడక గొంతు పట్టుకొనుచున్నది. ఆ నర్సు క్షణమైన నాలసింపక ఆమెను పరుండబెట్టి, కాళ్ళెత్తించి, వైద్యుని కేకవేసి, తొడకు సూదిమందు నిచ్చినది. దాని పేరు అడ్రినలిన్ అని తరువాత తెలిసికొంటిని. ఆ సూదియే నా యిల్లు నిలిపినది. తెల్లని బిళ్ళయు, ఆనాటి రంగుల మాత్రయు లోపల నొకటే మందు: అమాక్సిసిల్లిన్. చేసిన కంపెనీలు వేరు, పెట్టిన పేర్లు వేరు, పూసిన రంగులు వేరు.

సాయంకాలమున ఆ నర్సు నాతో మెల్లగా, "మాస్టారూ, ఆ పేరు ఒక్కటి కాగితం మీద రాసి ఉంచుకుంటే సరిపోయేది కదండీ" అన్నది. ఆమె వయస్సు నా శిష్యురాండ్ర వయస్సు. నేను బదులు చెప్పలేకపోతిని. నాటినుండి వైద్యులను, నర్సులను, మందుల దుకాణమువారిని అడిగి అడిగి తెలిసికొన్న సంగతులనే నేడు మీకు చెప్పబోవుచున్నాను.

మొదట, ఈ మందు లెట్టివి? వీటిని యాంటీబయోటిక్కులని వైద్యులందురు. మన దేహములో జొచ్చి రోగము పుట్టించు సూక్ష్మజీవులలో బాక్టీరియా అను నొక జాతి కలదు. క్షయ, సన్నిపాతజ్వరమని మనము పిలుచు టైఫాయిడు, ఊపిరితిత్తుల జ్వరములలో పెక్కు, చీముగడ్డలు, మూత్రనాళపు మంటలలో పెక్కు – ఇవి యా జాతి చేయు పనులు. ఆ జీవులను చంపునవి గాని, పెరుగకుండ నిలుపునవి గాని యీ మందులు.

వీని చరిత్ర నూరేండ్లది. 1928లో లండను నగరమందలి సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అను శాస్త్రజ్ఞుడు, తాను పెంచుచున్న బాక్టీరియా గిన్నెలో నొక బూజు పడుటయు, ఆ బూజు చుట్టును బాక్టీరియా నశించుటయు చూచెను. రొట్టెకు పట్టు బూజువంటిదే యది. అందుండి వచ్చినదే పెనిసిల్లిన్. 1935లో జర్మనీ దేశమున గెర్‌హార్డ్ డోమాక్ వెల్లడించిన మందు సల్ఫా మందులకు మొదలైనది. 1943లో అమెరికాలో మట్టియందలి జీవినుండి స్ట్రెప్టోమైసిన్ దొరకినది. క్షయకు మొట్టమొదటి మందు అదియే. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకులై యుండగా, అచ్చట బెంజమిన్ డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. నేడు మన ఆరోగ్యకేంద్రములలో నిచ్చు డాక్సీసైక్లిన్ ఆ కుటుంబములోనిదే.

ఇవి పనిచేయు తీరులు వేరు వేరు. పెనిసిల్లిన్, అమాక్సిసిల్లిన్ మొదలగునవి బాక్టీరియా తన చుట్టు కట్టుకొను గోడను కట్టనీయవు. గోడ లేని యిల్లు వానకు కూలినట్లు అది పగిలిపోవును. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్, జెంటామైసిన్ మొదలగునవి దాని లోపలి మాంసకృత్తుల తయారీని చెడగొట్టును. సిప్రోఫ్లాక్ససిన్ మొదలగునవి దాని వంశబీజమును దెబ్బతీయును. మన దేహకణములకు అట్టి గోడ లేదు. మిగిలిన యంత్రములును కొంత వేరుగా నున్నవి. కావుననే శత్రువు చచ్చి మనము బ్రదుకుచున్నాము.

ఇచ్చట నొక ముఖ్యవిషయము గమనింపవలెను. రోగములు పుట్టించు మరియొక జాతి వైరసులు. జలుబు, ఫ్లూ, ఆటలమ్మ, డెంగీ, చిన్నపిల్లల విరేచనములలో పెక్కు, గొంతునొప్పులలో పెక్కు వీని వలననే వచ్చును. వైరసునకు ఆ గోడయు లేదు, ఆ తయారీ యంత్రములును లేవు. కావున యాంటీబయోటిక్కు దాని నేమియు చేయజాలదు. జలుబునకు ఈ మందు మ్రింగి నాలుగవనాటికి తగ్గినదని సంతోషించువారు, మ్రింగకపోయినను తగ్గియుండునను మాట నెరుగరు. "డాక్టరుగారూ, గట్టి మందు వ్రాయుడు" అని మనమే యడుగుచున్నాము. వ్రాయని వైద్యుని మంచి వైద్యుడు కాడని మనమే యూరిలో చెప్పుచున్నాము. ఈ తప్పు వైద్యునిది కాదు, మనది.

ఇక పరిచారకుని పనికి వత్తును. ఆస్పత్రిలో నర్సులకు మందు నిచ్చునప్పుడు అయిదు విషయములు సరిచూచుకొనుమని నేర్పుదురు: సరియైన మనిషి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన వేళ. నేనిది విన్నప్పుడు మన పంచాంగము తలపునకు వచ్చినది. తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము చూడక మనము ముహూర్తము పెట్టము. ఇంటిలో మందు నిచ్చు చేయి గూడ ఆ యైదంగములు చూడకుండ ముందునకు సాగరాదు.

మొదటిది, మనిషి. ఎవరికి వ్రాసిన మందు వారికే. అన్నకు తగ్గిన మందు తమ్మునికిచ్చుట, పొరుగింటి జ్వరమునకు మన యింటిలో మిగిలిన మాత్రలు పంపుట – ఇవి మనము దయ యనుకొని చేయు పనులు, దయ గావు. ఆ తమ్మునికి వచ్చినది వేరు రోగము కావచ్చును. ఆ పొరుగమ్మ గర్భవతి కావచ్చును. గర్భవతులకును, ఎనిమిదేండ్ల లోపు పిల్లలకును టెట్రాసైక్లిన్ ఇచ్చిన, పిల్లల దంతములు శాశ్వతముగా పసుపు, గోధుమ రంగునకు తిరుగును. ఆ పిల్లలకు వైద్యుడు ప్రత్యేకకారణమున నిచ్చినగాని అట్టి మందులు మనము ముట్టింపరాదు. మూత్రపిండములు చెడినవారికి కొన్నిటి మోతాదు తగ్గింపవలసియుండును. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడువారికి పెక్కు యాంటీబయోటిక్కులు ఆ మందు బలమును పెంచి రక్తస్రావము కలిగింపవచ్చును. కావున మందు వ్రాయించుకొనునప్పుడు నాలుగు సంగతులు అడుగకున్నను చెప్పవలెను: పడని మందు, గర్భము లేదా పాలిచ్చుట, పాతరోగములు, ఇప్పుడు వాడుచున్న యితర మందులు – నాటుమందులతో సహా. రోగి మాటలాడగలిగిన యెడల రోగినే చెప్పనీయవలెను. నావలె ముందుపడరాదు.

రెండవది, మందు. మాత్రలపట్టీ మీద రెండు పేర్లుండును: ఒకటి కంపెనీవారు పెట్టినది, రెండవది మందు యొక్క అసలు పేరు. మనము చదువవలసినది, వ్రాసికొనవలసినది ఆ అసలు పేరు. అది యింగ్లీషు లిపిలో నుండవచ్చును. బడికి పోవు మనుమని పిలిచి చదివింపుడు. ఆ పిల్లవానికి గూడ నది యొక పాఠమగును. పట్టీ మీద నిలువుగా ఎఱ్ఱని గీత యున్నచో, వైద్యుని చీటీ లేక వాడరాదని దాని యర్థము. ఈ గీతను గూర్చి ప్రజలకు తెలియజేయుటకు మన కేంద్రప్రభుత్వము 2016లో ప్రచారము మొదలుపెట్టినది. గడువు తేదీయు చూడవలెను.

మూడవది, మోతాదు. పెద్దల మాత్రను విరిచి పిల్లలకిచ్చుట తగదు. పిల్లల మోతాదు వారి తూకమును బట్టి కట్టుదురు. కావున వైద్యునియొద్ద పిల్లవాని తూకము తీయింపవలెను. పిల్లల మందు కొన్నిమార్లు సీసాలో పొడిగా నుండును. కాచి చల్లార్చిన నీటిని సీసా మీది గీత వరకు పోసి బాగుగా కుదుపవలెను. ఇచ్చిన ప్రతిసారియు కుదుపవలెను. లేనిచో మొదటి దినములలో నీళ్ళును, చివరి దినములలో చిక్కని మందును పోసినట్లగును. వంటింటి చెంచాతో కొలువరాదు. ఒక్కొక్క యింటి చెంచా యొక్కొక్క కొలత. సీసాతో వచ్చిన చిన్న గిన్నెతోనే కొలువవలెను. కలిపిన మందు సాధారణముగా వారము దినములకు మించి పనికిరాదు. పట్టీ మీది మాట చదివి, కలిపిన తేదీని సీసా మీద వ్రాయుట మేలు.

నాలుగవది, మార్గము. నోటితో పుచ్చుకొనునది, సూదితో నిచ్చునది, పైన పూయునది వేరు వేరు. "సూది వేసినగాని జ్వరము తగ్గ"దను నమ్మకము మన పల్లెలలో గట్టిగా నున్నది. నోటితో మ్రింగగల రోగికి పెక్కుమార్లు మాత్రయే చాలును. సూది వలసినప్పుడు ఆరోగ్యకేంద్రముననే వేయించుకొని, పిదప అరగంటసేపు అచ్చటనే కూర్చుండవలెను. నా భార్యకు వచ్చిన ఆపద సూది మందువలనను, మాత్రవలనను గూడ రావచ్చును. అది యింటిలో వచ్చిన చేతికి అడ్రినలిన్ దొరకదు. చీముపుండ్ల మీద గొట్టపుమాత్ర విప్పి పొడి చల్లు నలవాటు కొందరికి కలదు. అది మాన వలయును.

మ్రింగుటలోను పద్ధతి యున్నది. డాక్సీసైక్లిన్ పుచ్చుకొన్నచో నిండు గ్లాసెడు నీరు త్రాగి, అరగంటసేపు పండుకొనక కూర్చుండవలెను. లేనిచో అది గొంతుక్రింద అతుకుకొని పుండు చేయును. సిప్రోఫ్లాక్ససిన్ మాత్రను పాలతో మ్రింగరాదు. పాలలోని సున్నపు ధాతువు మందును పట్టుకొని రక్తములోనికి పోనీయదు. ఇనుము, క్యాల్షియము మాత్రలు వాడువారు ఎంత యెడమీయవలెనో అడిగి తెలిసికొనవలెను. మెట్రోనిడజోల్ పుచ్చుకొను దినములలోను, పిదప కొన్ని దినములును కల్లు, సారాయి ముట్టరాదని వైద్యులు చెప్పుదురు.

అయిదవది, వేళ. "రోజుకు మూడుసార్లు" అనగా, కాఫీతో నొకటి, భోజనముతో నొకటి, జ్ఞాపకము వచ్చినప్పు డొకటి యని కాదు. ఇరువదినాలుగు గంటలను మూడుగా పంచి ఎనిమిది గంటల కొకసారి యని. మన లెక్కలో నిరువది గడియలు. ఉదయ మారింటికి, మధ్యాహ్నము రెండింటికి, రాత్రి పదింటికి ఇచ్చిన సరిపోవును. ఏల యింత పట్టుదల? జొన్నచేనిలో మంచె మీద కావలివాడున్నంతసేపు పిట్టలు వాలవు. వాడు మధ్యాహ్నము దిగి యింటికి పోయి సాయంకాలము వచ్చిన, అంతలోనే కంకులు ఖాళీయగును. పెనిసిల్లిన్ జాతి మందును మూత్రపిండములు త్వరగా బయటికి పంపివేయును. రక్తములో దాని బలము తగ్గిన వేళ బాక్టీరియా మరల పెరుగును. ఒక వేళ తప్పినచో జ్ఞాపకము రాగానే ఇయ్యవలెను. తరువాతి వేళ దగ్గరపడినచో తప్పినదానిని విడిచి, మామూలు మోతాదే యియ్యవలెను. రెండింతలు చేసి యియ్యరాదు.

ఎన్ని దినములు? దీనికి అన్ని రోగములకు నొక్కటే సమాధానము లేదు. కొన్నిటికి మూడు దినములు, కొన్నిటికి అయిదు, కొన్నిటికి పదునాలుగు. సాధారణ క్షయకు ఆరు నెలలు: మొదటి రెండు నెలలు నాలుగు మందులు, పిదప నాలుగు నెలలు తక్కువ మందులు. దినములు నిర్ణయించువాడు వైద్యుడు. జ్వరము తగ్గినదని మనము మానరాదు. తగ్గలేదని మనమే మరి నాలుగు దినములు కొని వాడరాదు. క్షయమందులలో రిఫాంపిసిన్ వలన మూత్రము నారింజ యెరుపుగా వచ్చును. అది రక్తమని భయపడి మందు మానివేసినవారున్నారు. ముందుగా తెలిసిన పరిచారకు డొక్క మాటతో ఆ భయము తీర్పగలడు. అయితే కండ్లు పచ్చబడినను, వాంతులు విడువకున్నను వెంటనే వైద్యునికి చూపవలెను.

మందు చాలక ఆగిపోయిన యేమగునో చరిత్రలో నొక దృష్టాంతము కలదు. 1941 ఫిబ్రవరిలో ఇంగ్లండు నందలి ఆక్స్‌ఫర్డ్ పట్టణమున ఆల్బర్ట్ అలెగ్జాండర్ అను పోలీసువానికి ఫ్లోరీ, చెయిన్ అను శాస్త్రజ్ఞుల బృందము పెనిసిల్లిన్ నిచ్చినది. ముఖమంతయు చీముపట్టి మరణమునకు సిద్ధముగా నున్నవాడు, మందు పడగానే కోలుకొనజొచ్చెను. కాని యప్పటికి లోకములోనున్న పెనిసిల్లిన్ అంతయు కొలదిపాటిది. అతని మూత్రమునుండి గూడ మందు మరల తీసి వాడిరి. అయినను కొలది దినములలో నది యైపోయినది. రోగము తిరుగబెట్టి మార్చి 15న అతడు మరణించెను. ఆనాడు మందు లేక ఆగినది. నేడు మందు గూటిలో నుండగనే మనము ఆపుచున్నాము.

ఇక గమనింపవలసిన గుర్తులు. కొంచెము వికారము, పలుచని విరేచనము పెక్కుమందికి కలుగును. వైద్యునితో చెప్పిన చాలును. కాని పెదవులు, ముఖము వాచుట, ఊపిరి యాడకపోవుట, ఒడలెల్ల దద్దురులతో కన్నులు తిరుగుట కనబడినచో మందు ఆపి, క్షణము జాగుచేయక 108కి ఫోను చేయవలెను. చర్మము బొబ్బలెక్కి, నోటను కంటను పుండ్లు పడినను ఆస్పత్రికి పోవలెను. నీళ్ళవిరేచనములు పలుమారు లగుచున్నను, రక్తము పడినను చెప్పవలెను. మందు ముగిసిన కొన్ని వారములకు గూడ నిది రావచ్చును. జెంటామైసిన్ సూదులు వేయించుకొనువారికి చెవిలో హోరు, వినికిడి తగ్గుట, తల తిరుగుట, మూత్రము తగ్గుట కలిగినచో వెంటనే తెలుపవలెను. ఆ మందు చెవులకు, మూత్రపిండములకు హానిచేయగలదు.

ఇంతవరకు ఒక రోగి మాట. ఇప్పుడు ఊరి మాట చెప్పెదను.

ప్రత్తి పండించినవారికి 1987–88 జ్ఞాపకముండును. మన కోస్తా జిల్లాల ప్రత్తిచేలలో శనగపచ్చ పురుగు మీద ఏ మందు చల్లినను చావక పంట నాశనమైనది. అంతకుముందు ఆ మందులే చుక్క పడగానే చంపెడివి. పదేపదే చల్లినందున బలహీనమైన పురుగులు చచ్చి, మందునకు ఓర్చుకొనగలవి మిగిలి, వాని సంతతియే చేనంతయు నిండినది. బాక్టీరియా విషయమున నగునదియు నిదియే. వలసినచోట గాక జలుబునకు వాడినప్పుడు, వలసినంత గాక సగము వాడినప్పుడు, మన ప్రేగులలోను చర్మము మీదను ఓర్చుకొనగల జీవులు మిగిలి పెరుగును. అవి మన యొక్కరియొద్ద నిలువవు. చేతులనుండి, నీటినుండి, పొరుగింటి పసిబిడ్డకు గూడ చేరును. ఫ్లెమింగ్ తానే 1945లో నోబెల్ బహుమానము పొందిన నాటి ప్రసంగమున, తక్కువ మోతాదులో వాడిన బాక్టీరియా మందునకు లొంగకుండ నేర్చుకొనునని హెచ్చరించెను. 2019లో ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేల మంది ఇట్లు మందులకు లొంగని బాక్టీరియా వలననే మరణించిరని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. పురుగుమందు పనిచేయని యేడు పంట పోవును. ఈ మందు పనిచేయని నాడు బాలింత పోవును, బిడ్డ పోవును.

పశువుల మాట గూడ మరువరాదు. పొదుగువాపునకు ఆవుపొదుగులో నెక్కించు మందు ఈ జాతిదే. ఆ మందు వాడిన దినములలోను, పిదప పశువైద్యుడు చెప్పినన్ని దినములును ఆ పాలు కేంద్రమునకు పోయరాదు, ఇంట త్రాగరాదు. కోళ్ళు, రొయ్యలు త్వరగా పెరుగవలెనని ఈ మందులు మేతలో కలుపుట మరియు హాని. మనుష్యులకు కడపటి ఆయుధముగా నున్న కొలిస్టిన్ అను మందును, ఆహారమునకై పెంచు జంతువులకు వాడకుండ మన ప్రభుత్వము 2019లో నిషేధించినది.

మిగిలిన మాత్రలను గూటిలో దాచరాదు, చెరువులో పారవేయరాదు. ఆరోగ్యకేంద్రమునకు గాని, కొన్న దుకాణమునకు గాని తీసికొనిపోయి, ఏమి చేయవలెనో అడుగుడు. అన్నిటికంటె మేలు, రోగమే రాకుండ చూచుకొనుట: సబ్బుతో చేతులు కడుగుట, కాచిన నీరు, పిల్లలకు వేళకు టీకాలు. రాని రోగమునకు మందు వలదు గదా.

పెద్దలారా, మీ యింటిలో చదువ నేర్చినవారు మీరు. ఎవరికి జ్వరము వచ్చినను మందుచీటీ మీ చేతికే వచ్చును. కావున నా విన్నప మొక్కటే. ఈ రాత్రియే యొక చిన్న కాగితము తీసికొని, ఇంటిలోని ప్రతివారి పేరును, వారికి పడని మందు అసలు పేరును, వాడుచున్న మందులను వ్రాయుడు. పడనిది లేనిచో లేదని వ్రాయుడు. వ్రాయుటకు ముందు వారినే యడుగుడు; ముఖ్యముగా ఇంటి స్త్రీల నడుగుడు. ఆ కాగితమును రేషనుకార్డుతో పాటు భద్రపరచి, ఆస్పత్రికి పోవునప్పుడు తీసికొనిపొండు.

నా చొక్కాజేబులో నేడట్టి కాగిత మొకటి యున్నది. దాని మొదటి పంక్తిలో నా భార్య పేరును, దాని ప్రక్కన అమాక్సిసిల్లిన్ అను మాటయు నున్నవి. నాలుగేండ్లు ఆలస్యముగా వ్రాసితిని. మీ రాలస్యము చేయకుందురు గాక.

స్వస్తి.